పదమూడో రోజు మోగిన హూటరు

“హోటలు కాడికి రమ్మన్నారు” అంది బంగారమ్మ ఫోను పెట్టేసి.

“ఏ హోటలే?” అన్నాడు వైకుంఠరావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

“నీకు తెలిసిన హోటలు ఒక్కటే గదా. మరింకేటి అడుగుతావు?”

దాంతో మన వైకుంఠరావు బరంపురం పాత బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో, రెండు ఇడ్లీల ముందు గంటన్నర కూర్చున్నాడు. అదే గంటన్నరా ఒడిశా తీరాన రామయ్యపట్నంలో, ఐసు ఫ్యాక్టరీ గోడకున్న హూటరు కింద, జిల్లా కేంద్రం ఛత్రపురం నుంచి వచ్చిన ఆఫీసరూ సగం ఊరూ అతని కోసం కూర్చున్నారు. ఇక్కడ ఇడ్లీలు, అక్కడ ఇడుములు. ఫోన్లో వాళ్లన్నది హూటరు. బంగారమ్మ చెవిలో పడింది హోటలు. సంగతి తెలిసి అతను బస్సు పట్టుకునేసరికి, ‘మొకం సెల్లక దాక్కున్నాడు’ అని ఊళ్లో తీర్పు కూడా అయిపోయింది.

ఇంతవరకు జరిగింది ఒక్కసారి తలుచుకుందాం. వైకుంఠరావు ఏసీలూ, శీతల గిడ్డంగులూ, ఐసు ఫ్యాక్టరీలూ బాగుచేసే మెకానిక్కు. రామయ్యపట్నం ఐసు ఫ్యాక్టరీలో మిషను నడిపే సూరయ్య అతనికి ఇరవై ఏళ్ల నేస్తం. ఆ ఫ్యాక్టరీలో నీళ్లు గడ్డకట్టించేది అమ్మోనియా గ్యాసు. పేరులోనే ‘అమ్మో’ ఉంది, పీల్చినవాళ్లకి రెండో అక్షరం పలికే ఓపిక ఉండదు. అది లీకైతే ప్యానెల్లో ఎర్రదీపం వెలగాలి, గోడమీద హూటరు ఊరంతా వినేలా అరవాలి. పన్నెండో తారీకు మిట్టమధ్యాహ్నం దీపం వెలిగింది. హూటరు అరవలేదు. గ్యాసు గది నిండాక సూరయ్య ముక్కుకి తడి తువ్వాలు చుట్టుకుని లోపలికి దూరి వాల్వు మూశాడు. ఊరు బతికింది. కూలింగు మిషను దగ్గర కూలికి చేరిన మనిషి ఆ మిషను పక్కనే కూలిపోయాడు.

దానికి తొమ్మిది రోజుల ముందు సర్వీసింగు కార్డు మీద ‘హూటరు: సరిగా ఉంది’ అని రాసి సంతకం పెట్టినవాడు వైకుంఠరావు.

సంతకం సొంతమే. చిక్కల్లా ఏమిటంటే, ఆ రోజు టెస్టు మీట నిజంగా నొక్కాడో లేదో అతనికి గుర్తులేదు. పద్నాలుగేళ్లుగా ప్రతి నెలా ఆ గడిలో అదే మాట రాస్తున్నాడు. చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. ఈ నెల కూడా చెయ్యే రాసిందా, చెవి విన్నాక రాసిందా? పన్నెండు రాత్రులు పడుకుని ఇదే తవ్వుకున్నాడు. ఫాల్టు ఎక్కడుందో ఇరవై ఏళ్లుగా ఊళ్లవాళ్లకి చెప్పినవాడు, ఈ ఫాల్టు తన ఫాలాన రాసి ఉందేమో తెలీక అద్దంలో నుదురు చూసుకుంటున్నాడు.

ఫ్యాక్టరీ ముందు ఆటో దిగగానే చిట్టమ్మ ఎదురొచ్చింది. సూరయ్య భార్య. నిన్ననే పన్నెండో రోజు కార్యం అయింది. గొంతు మాత్రం అలిసిపోలేదు.

“రండి బావూ, రండి! ఎక్కడికి ఎల్లినారు?”

“హోటల్లో ఉన్నానమ్మా. మా ఆవిడ ఫోన్లో...”

“హోటల్లోనా! ఇన్నారేటర్రా? నా మొగుడు మట్టిలో ఉన్నాడు, ఈ బావు హోటల్లో ఉన్నాడు! ఇడ్లీలు మెత్తగా ఉన్నాయా? సట్నీ బాగున్నాదా?”

“చెల్లమ్మా...”

“నువ్వు నాకు అన్నవేటి? అన్నయితే దొంగ సంతకం ఎడతావా? నీ సంతకం సూసుకుని మా ఆయన ఆ మిషను పక్కన నిద్దరోయినాడు ఇన్నేళ్లు!”

పక్కనుంచి దేముడమ్మ ఆమె భుజం పట్టుకుంది. పక్కింటి మనిషి, చిట్టమ్మకి ప్రాణమిత్రురాలు. “ఊరుకోయే చిట్టీ, గొంతు పోతాది” అంది. దేముడమ్మ వెనకాల గోడకి జారబడి ఆమె ఒక్కగానొక్క కొడుకు లక్ష్ముడు నించున్నాడు. ఇరవై రెండేళ్లవాడు. సూరయ్య పోయిన రోజునే, మూడు రోజులు సముద్రంలో తప్పిపోయి, తెప్పతో సహా తిరిగొచ్చినవాడు. ఒక ఇంట్లో పోయిన ప్రాణం వచ్చింది, పక్కింట్లో ఉన్న ప్రాణం పోయింది. అప్పట్నుంచీ అతను ఎవరితోనూ మాట్లాడలేదు. సముద్రం చూసి బెదిరిపోయాడని ఊరు సరిపెట్టుకుంది.

ఆఫీసరు పాణిగ్రాహి బాబు పేరుకి తగ్గట్టు పెన్ను గట్టిగా గ్రహించి ఉన్నాడు. ఒడియా ఇంటివాడైనా బరంపురంలో చదివినవాడు, తెలుగు బాగానే తిప్పుతాడు.

“హఉ, హఉ, సరే, గొడవ వద్దు. వైకుంఠరావుగారూ, నాకు ఒకటే కావాలి. హూటరు ఎందుకు మోగలేదు? మీరే కనిపెట్టండి, అందరి ముందూ. తప్పు మీదైతే మీ చేత్తోనే తెలుస్తుంది.”

ఇంత మర్యాదగా ఉరితాడు చేతికిచ్చేవాళ్లు అరుదు. వైకుంఠరావు సంచీ దింపి, చెప్పులు గుమ్మం దగ్గర వదిలేసి లోపలికెళ్లాడు. పన్నెండు రోజులుగా ఫ్యాక్టరీ మూసే ఉంది. తలుపులన్నీ తెరిచి గాలాడనిచ్చినా గోడలకి ఆ ఘాటు ఇంకా పట్టుకునే ఉంది. మిగిలినవాళ్లు గుమ్మంలోనూ కిటికీల్లోనూ మూగారు.

ముందు ప్యానెల్‌కి కరెంటు ఇచ్చాడు. పచ్చ అంకెలు వెలిగాయి. టెస్టు మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. లోపల రిలే ‘టిక్’ మంది. అంటే మోగమని ప్యానెల్ ఆజ్ఞ ఇచ్చినట్టే. గోడమీద హూటరు మాత్రం నోరు మెదపలేదు.

“చెడిపోయిందా?” అన్నాడు పాణిగ్రాహి బాబు.

“చూడాలి బాబూ.”

బయటికొచ్చి నిచ్చెన వేసుకుని హూటరు దగ్గరికెక్కాడు. దాని వెనక రెండు కొసలకీ విడిగా తీగలు తగిలించి, కింద ప్లగ్గులో పెట్టమని ఆఫీసరు వెంట వచ్చిన కానిస్టేబులుకి చెప్పాడు. అతను పెట్టాడు.

హూటరు అరిచింది.

ఒడ్డున వలలు బాగుచేస్తున్నవాళ్లు లేచి నించున్నారు. ఎండు చేపల దగ్గర కాకులన్నీ ఒక్కసారి ఎగిరాయి. పక్కూళ్ల దాకా వినబడేంత గొంతు దానిది. పన్నెండో తారీకున ఒక్క నిమిషం అరిచి ఉంటే చాలు. ఇప్పుడు అరుస్తోంది, పదమూడో రోజున, అందరూ బయటే ఉన్నప్పుడు, లోపల ఎవరూ లేనప్పుడు. చిట్టమ్మ రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని కింద కూలబడిపోయింది.

“ఆపండి, ఆపండి!” అని పాణిగ్రాహి బాబే ప్లగ్గు లాగేశాడు.

వైకుంఠరావు నిచ్చెన దిగి మళ్లీ ప్యానెల్ దగ్గరికొచ్చాడు. హూటరు మంచిదే, రిలే మంచిదే. అయితే తప్పు ఎక్కడుంది? మధ్యలో ఉంది. తీగలో. దానికి ముందు అతను చూడాల్సింది ఇంకొకటి ఉంది, పన్నెండు రాత్రుల ప్రశ్న. ఈ ప్యానెల్‌కి జ్ఞాపకశక్తి ఉంది. ఎప్పుడు ఏ అలారం వచ్చింది, ఎప్పుడు ఆగింది, ఎప్పుడు ఎవరు టెస్టు మీట నొక్కారు, అన్నీ తారీకు, గంట, నిమిషం వేసి దాచుకుంటుంది. మనిషిలా తనకి నచ్చింది ఉంచుకుని నచ్చనిది మర్చిపోవడం దానికి రాదు.

బాణం గుర్తు మీట నొక్కాడు. ముందు ఇందాకటి టెస్టు కనబడింది. ఇంకోసారి నొక్కాడు.

పన్నెండో తారీకు. పన్నెండూ యాభై ఎనిమిది. గ్యాసు తగ్గింది.

అంటే సూరయ్య వాల్వు మూసేశాక గాలి తేటపడిన క్షణం అది. నేస్తం చేసిన ఆఖరి పనికి సాక్ష్యం ఈ పచ్చ అంకెలు. వైకుంఠరావు కళ్లు తుడుచుకుని మళ్లీ నొక్కాడు.

పన్నెండో తారీకు. పన్నెండూ పది. గ్యాసు లీకు.

నలభై ఎనిమిది నిమిషాలు ఎర్రదీపం ఒక్కటే వెలిగింది, ఎవరూ చూడలేదు. మళ్లీ నొక్కాడు. ప్రెషరువీ కరెంటువీ చిన్న అలారాలు కొన్ని దాటాక ఆగాడు.

మూడో తారీకు. సాయంత్రం నాలుగూ అయిదు. హూటరు టెస్టు.

టెస్టు చేశాడు! చేసే రాశాడు! ఆ రోజు నాలుగున్నరకి సంతకం పెట్టి టీ తాగి బస్సెక్కినట్టు ఇప్పుడు గుర్తొస్తోంది. పన్నెండు రోజులుగా గుండె మీద కూర్చున్న ఐసు దిమ్మ ఒక్కసారి కరిగింది. నేను చంపలేదురా సూరీ, నేను కాదురా అని అరవాలనిపించింది. అరిచేవాడే. దానికి ముందు తీగ ఎక్కడ తెగిందో చూసి, రెండూ కలిపి చెబుదామని ప్యానెల్ కింద ఉన్న చిన్న డబ్బా మూత విప్పాడు.

తీగ తెగలేదు. ఎలకలు కొరకలేదు, తుప్పు తినలేదు. ఎవరో స్క్రూ వదులు చేసి, తీగ బయటికి లాగి, స్క్రూ మళ్లీ జాగ్రత్తగా బిగించారు. తీగ కొసకి నల్ల టేపు చుట్టారు. ఆ టేపు చివర గోరంత మడత పెట్టి ఉంది.

ఆ మడత వైకుంఠరావుకి తెలుసు.

“ఎందుకురా కొస మడుస్తావు?” అని సూరయ్య ఎప్పుడో అడిగాడు. “మళ్లీ విప్పేటప్పుడు గోరు పట్టడానికిరా. శాశ్వతంగా చుట్టేదైతే మడవక్కర్లేదు. రేపు విప్పుతాం అనుకుంటే మడవాలి” అని తను నేర్పాడు. ఈ ఊళ్లో ఆ అలవాటు ఇద్దరికే ఉంది. ఒకడు ఇక్కడ నించున్నాడు.

సూరయ్యే తీశాడు. రేపు మళ్లీ తగిలిద్దామనుకుని తీశాడు. ఎందుకు తీశాడో తెలీదు గాని, ఈ మూత ఆఫీసరుకి చూపిస్తే రాసేది ఒకటే ముక్క: ఆపరేటరే హూటరు విప్పేశాడు, తన చావు తనే తెచ్చుకున్నాడు. ఊరిని కాపాడినవాడని నిన్న కార్యంలో చేతులెత్తి మొక్కిన జనం ఇవాళ, వీడా మమ్మల్ని చంపబోయినవాడు అంటారు. చిట్టమ్మకి మిగిలింది ఆ మొక్కు ఒక్కటే.

వైకుంఠరావు తీగ కొసని వెనక్కి నొక్కి, మూత బిగించాడు.

“కణ హెలా? ఏమైంది?” అన్నాడు పాణిగ్రాహి బాబు గుమ్మంలోంచి.

“నాదే తప్పు బాబూ.”

వైకుంఠరావు గుమ్మం వేపు తిరిగాడు.

“తీగ వదులుగా ఉంది, ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. నేను మూడో తారీకున టెస్టు చెయ్యలేదు. చెయ్యకుండానే సంతకం పెట్టాను. రాసుకోండి.”

పాణిగ్రాహి బాబు పెన్ను మూత తీశాడు. అతను రాయడానికి తల వంచగానే వైకుంఠరావు చెయ్యి నెమ్మదిగా ప్యానెల్ మీదికి పోయింది. ఎడమ చివర మీట అయిదు సెకన్లు నొక్కి పట్టుకుంటే పాత లెక్కలన్నీ చెరిగిపోతాయి. టెస్టు చేసిన రుజువు పోతుంది. తను నిర్దోషినని చెప్పే సాక్షి ఆ పెట్టె ఒక్కటే. వేలు మీట మీద పెట్టాడు.

ఒకటి. రెండు.

చల్లటి చెయ్యి ఒకటి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. చిట్టమ్మ.

“అబద్దం” అంది. ఇందాకటి గొంతు కాదు. పక్కనున్నవాళ్లకి కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా. “ఎందుకు అబద్దమాడతన్నావన్నా?”

“నువ్వు ఊరుకో చెల్లమ్మా. బయటికి పద.”

“మూడో తారీకు సాయంత్రం నువ్వు దీన్ని మోగించినావు. నాను పొయ్యి కాడ ఉలిక్కిపడితే గెంజి పాదం మీద పడిపోనాది. ఇదిగో, పుండు ఇంకా మానలేదు. నిన్ను తిట్టినాను కూడాను. నువ్వు టెస్టు సేసినావన్నా, నాకు తెలుసు. ముందునుంచీ తెలుసు.”

పాణిగ్రాహి బాబు పెన్ను ఆగింది. “తెలిసీ ఇన్నాళ్లూ ఆయన మీద...”

“తెలిసే అరిసినాను బాబూ. అరవకపోతే నాకు నానే ఇనిపించేస్తన్నాను.” ఆమె అందరి వేపూ తిరిగింది. “ఆ తీగ మా ఆయన పీకినాడు. పీకించింది నాను.”

దేముడమ్మ గుమ్మంలోంచి లోపలికొచ్చింది. “ఏటే చిట్టీ, ఏటి మాటాడతన్నావు?”

“నీ కోసమేనే.”

సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో పాతకాలం నుంచీ ఒక పట్టింపు ఉంది. తెప్ప తప్పిపోతే ఊరు గొంతు విప్పదు. గుళ్లో మైకు ఆపేస్తారు, డప్పు కొట్టరు, రోట్లో పోటు వెయ్యరు, పిల్లల్ని గట్టిగా ఏడవనివ్వరు. సముద్రం మీంచి మనిషి కేకేస్తే వినపడాలి, అందుకు. లక్ష్ముడు తప్పిపోయిన ఆ మూడు రోజులూ ఊరంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది. ఐసు ఫ్యాక్టరీ హూటరు మాత్రం ప్రెషరు కాస్త పెరిగినా, కరెంటు కాస్త తగ్గినా, చిన్న పెద్ద తేడా లేకుండా అరిచేది. అందుకే అది ఏ రోజు ఎందుకు అరిచిందో ఊళ్లో ఎవరూ గుర్తుపెట్టుకోరు. దానికి సెన్సారు ఉంది గాని సెన్సు లేదు.

“మొదటి రోజు రెండు సార్లు అరిసినాది” అంది చిట్టమ్మ. “అరిసినప్పుడల్లా ఇది ఒడ్డున కూకుని గుండెలు బాదుకున్నాది, నా కొడుకు పిలుపు ఇనపడదు, ఇనపడదని. నాను ఎల్లి మా ఆయన్ని పట్టుకున్నాను. ‘దాన్ని ఆపు’ అన్నాను. ‘ఆపకూడదే, అది పేనం కాసేది’ అన్నాడు. ‘పక్కింటి పేనం నీకు పేనం కాదా? నువ్వు మనిసివా, మిషనువా?’ అన్నాను. ఆ మాట అన్నాను బాబూ. ఇరవై ఆరేళ్ల కాపరంలో అలాటి మాట ఎప్పుడూ అనలేదు.”

“అప్పుడు తీశాడా?” అన్నాడు పాణిగ్రాహి బాబు.

“అప్పుడు తీసినాడు. ‘హూటరు బదులు నానే కూకుంటాను, దీపం కేసి సూస్తాను’ అన్నాడు. రెండు రోజులు కూకున్నాడు కదలకండా. కూడు ఇక్కడికే తెచ్చినాను. ముద్ద నోట్లో ఎట్టుకుంటా కూడా దీపం కేసే సూసినాడు. మూడో రోజు మద్దినేళ, ‘లచ్చుడు ఒచ్చీసినాడు, తెప్ప ఒచ్చీసినాది’ అని కేకలు. నాను పరిగెత్తుకొచ్చినాను. ‘రా, రా, నువ్వూ రా, ఆడి మొకం సూసి ఎల్లిపోదువు’ అన్నాను. ‘తీగ తగిలించి ఒస్తానే’ అన్నాడు. ‘అయిదు నిమసాలకి ఏటి ములిగిపోద్ది’ అని సెయ్యట్టుకు లాక్కుపోనాను.”

ఆమె ప్యానెల్ వేపు చూసింది. ఆమెకి చదువు రాదు. ఆ అంకెలు ఏం చెబుతున్నాయో వైకుంఠరావు మొహం చూసి చదువుకుంది.

“ఎంతసేపన్నా? ఎంతసేపు ఎలిగినాది దీపం?”

వైకుంఠరావు ప్యానెల్‌కి అడ్డంగా నించున్నాడు. చెప్పించకు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“సెప్పు.”

“నలభై ఎనిమిది నిమిషాలు.”

దేముడమ్మ చిట్టమ్మని పట్టుకోబోయి పట్టుకోలేక, నేలమీదే కూర్చుని ఆమె కాళ్ల మీద తలపెట్టింది. “నా కోసం పోనాడా? నా కొడుకు గొంతు నాకు ఇనపడాలని పోనాడా? నా ఇంటి దీపం నిలబెట్టి నీ ఇంటి దీపం ఆర్పుకున్నావేటే చిట్టీ?” అంటూ ఆ కాళ్లు తడిపేసింది. పాణిగ్రాహి బాబు కాగితం మడిచేశాడు. ఏ గడిలో ఏం రాయాలో ఆయనకి ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు. కిటికీలో నించున్న ఆడవాళ్లు కొంగులు నోటికి పెట్టుకున్నారు. ఇప్పుడు అందరికీ తెలిసింది. మెకానిక్కు తప్పు చెయ్యలేదు, సూరయ్య చెయ్యలేదు, చిట్టమ్మ చేసింది కూడా తప్పని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. తెప్ప తప్పింది, అంతే. మిగిలినదంతా దాని వెనకే కొట్టుకొచ్చింది.

“సముద్రం సేసినదానికి నువ్వేటి సేస్తావే” అంది ఒక ముసలామె కిటికీలోంచి. “ఆడు తప్పిపోకపోతే ఇదేదీ నేదు గదా.”

గుమ్మం పక్క గోడకి జారబడిన లక్ష్ముడు అప్పుడు కదిలాడు. పదమూడు రోజుల్లో మొదటిసారి నోరు విప్పాడు.

“నాను తప్పిపోనేదు.”

దేముడమ్మ తలెత్తింది. “ఏటన్నావురా?”

“నాను సముద్రంలో లేనమ్మా. తెప్ప మూడు రోజులూ ఆంద్రా కేసి, బారువ ఒడ్డున కట్టేసే ఉన్నాది. ఇంజను బాగానే ఉన్నాది. ఫోను నానే ఆపీసినాను.”

వైకుంఠరావు చెయ్యి ఇంకా చిట్టమ్మ పట్టులోనే ఉంది. ఆ పట్టు బిగిసింది.

“ఎందుకురా?” అంది తల్లి. “ఊరంతా నోరు మూసుకుని నీ కోసం ఏడిసినాది గదరా! ఒక్కడికి, ఒక్కడికైనా సెప్పనేదా నువ్వు?”

లక్ష్ముడు తల్లి వేపు చూడలేదు. చిట్టమ్మ వేపు చూశాడు.

“ఒక్కడికి సెప్పినాను” అన్నాడు. “ఎవురికీ సెప్పనని ఒట్టెయించుకున్నాను. సూరయ్య మావకి తెలుసు.”